కలం ఎత్తివేయబడిన వాని లెక్క ఎవరిది?

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మన కోస్తాను అతలాకుతలం చేసిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. వాన వెలిశాక మా విడవలూరులో ఎవరి నారుమడి మునిగిందో, ఎవరి రొయ్యల గుంటకు గండి పడిందో, ఎవరి గేదె కనిపించడం లేదో అందరమూ లెక్కలు వేసుకున్నాం. నమాజుకు వచ్చినవారు ఒకరినొకరు కుశలం అడిగారు. అల్లాహ్ దయవల్ల ప్రాణనష్టం లేదని అందరమూ ఊపిరి పీల్చుకున్నాం.

ఒక్కరి లెక్క మాత్రం ఎవరమూ వేయలేదు. బస్సులు ఆగేచోట, మూతపడిన ఒక కొట్టు పంచలో మూడేళ్ళుగా పడుకునే మనిషి ఒకాయన ఉండేవాడు. పేరు ఎవరికీ తెలియదు. ఏ ఊరివాడో తెలియదు. తనలో తాను మాట్లాడుకునేవాడు. ఒక్కోసారి ఎవరినో చూసినట్టు ఉలిక్కిపడి చేతులు అడ్డం పెట్టుకునేవాడు. పిల్లలు “పిచ్చోడు” అనేవారు, పెద్దలం మేమూ ఆ మాటే అనేవాళ్ళం. వాన తగ్గిన నాలుగో రోజున టీకొట్టు చాచా “ఆ మనిషి కనిపించడం లేదే!” అన్నారు. “ఎటో పోయుంటాడులే” అని ఎవరో అన్నారు. మేము టీ తాగి లేచి వెళ్ళిపోయాం.

ఆయన మళ్ళీ కనిపించలేదు. గేదె కోసం రెండు ఊర్లు తిరిగినవాళ్ళం, ఒక మనిషి కోసం పక్క వీధి కూడా చూడలేదు. ఆనాటినుండి ఈ ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు. ఇల్లూ వాకిలీ లేక, మనసు అదుపులో లేక, ఏళ్ళ తరబడి వీధిలో బతికే మనిషికి మనం ఏమి బాకీ ఉన్నాం? అతనికి చేసేది దయతో చేసే దానమా, లేక అతనికి చెల్లించవలసిన హక్కా?

అన్నం పెట్టామన్న తృప్తి

నిజం చెప్పాలంటే మేము ఆయన్ని పూర్తిగా మరచిపోలేదు. పెళ్ళి భోజనం మిగిలితే ఒక విస్తరి అక్కడికి చేరేది. రంజాన్ నెలలో ఇఫ్తార్ పొట్లం ఇచ్చేవారు. పండుగకు ఎవరో లుంగీ కొనిచ్చారు. ఇదంతా మంచి పనే. అల్లాహ్ స్వీకరించుగాక!

కాని సోదరులారా, ఒక్క క్షణం ఆలోచించండి. ఆ మనిషి కాలు విరిగి ఆ పంచలోనే పడి ఉంటే మూడేళ్ళు అలాగే వదిలేసేవాళ్ళమా? వెంటనే 108కి ఫోన్ చేసేవాళ్ళం. విరిగింది మనసు కాబట్టి ఇడ్లీ పొట్లం ఇచ్చి ఊరుకున్నాం. విరిగిన కాలు మన కంటికి జబ్బుగా కనిపించింది. విరిగిన మనసు అతని స్వభావంగానో, కర్మగానో, శాపంగానో కనిపించింది. మన మొదటి తప్పు ఇదే. తీవ్రమైన మానసిక వ్యాధి కూడా వ్యాధే. దానికి మందులు ఉన్నాయి. అల్లాహ్ ఏ రోగాన్ని దింపినా దానికి మందును కూడా దింపాడనీ, కాబట్టి వైద్యం చేయించుకోవాలనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తన అనుచరులకు బోధించారు. ఆ బోధనలో మనసు జబ్బులను మినహాయించలేదు.

కలం ఎత్తివేత అంటే ఏమిటి?

ముగ్గురి విషయంలో కర్మలు రాసే కలం ఎత్తివేయబడిందని హదీసు గ్రంథాలలో ఉంది: మేల్కొనేదాకా నిద్రించేవాడు, యుక్తవయసు వచ్చేదాకా పసివాడు, తెలివి తిరిగి వచ్చేదాకా మతి తప్పినవాడు. హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో ఒక మతిస్థిమితం లేని స్త్రీ చేసిన నేరానికి శిక్ష విధించబడిన సందర్భంలో హజ్రత్ అలీ (రజి) ఈ హదీసును గుర్తు చేశారు. హజ్రత్ ఉమర్ (రజి) వెంటనే ఆమెను విడిచిపెట్టారు. అంతటి ఖలీఫా తన తీర్పును ఒక పిచ్చి స్త్రీ కోసం వెనక్కి తీసుకున్నారు!

ఈ హదీసును మనం తరచుగా వింటాం. “పాపం, అతనికి నమాజు లేదు, రోజా లేదు, లెక్క లేదు” అనుకుని ఊరుకుంటాం. కాని హదీసు పూర్తి భావం చూడండి. తెలివి తిరిగి వచ్చేదాకా అని అందులో ఉంది. అంటే ఆ తెలివి తిరిగి రావచ్చు. దానికోసం ప్రయత్నించే బాధ్యత అతని మీద లేదు, ఆ శక్తి అతనికి లేదు కాబట్టి. మరి ఎవరి మీద ఉంది? నిద్రపోతున్నవాని పక్కన ఇల్లు అంటుకుంటే లేపవలసింది మెలకువగా ఉన్నవాడే. పసివాడు బావి దగ్గరికి పాకితే ప్రశ్న పసివానికి కాదు, చూస్తూ కూర్చున్న పెద్దవారికి. అదే విధంగా మతి తప్పినవాని నుండి ఎత్తివేయబడిన కలం, తెలివి ఉన్న మన పుస్తకంలో రాస్తూనే ఉంది. ప్రళయదినాన అల్లాహ్ దాసునితో, తాను జబ్బుపడితే ఎందుకు పరామర్శించలేదని అడుగుతాడని ‘సహీహ్ ముస్లిం’లోని హదీసు తెలుపుతోంది. జబ్బుపడిన ఫలానా దాసుణ్ణి చూడబోయి ఉంటే నన్ను అక్కడే పొందేవాడివి అని దాని భావం. ఆ రోజు “మా ఊరి బస్టాండులో నన్ను చూడలేదా?” అని అడిగితే మనం ఏం చెబుతాం?

దానమా? హక్కా?

విశ్వాసుల సంపదలో అడిగేవారికీ, వంచితులకూ నిర్ణీతమైన హక్కు ఉందని దివ్య ఖుర్ఆన్ అల్ మఆరిజ్ సూరాలో తెలుపుతోంది. అడిగేవారు మనకు తెలుసు, మస్జిద్ గుమ్మం దగ్గర కనిపిస్తారు. వంచితుడు అంటే అడగనివాడు, అడగలేనివాడు కూడా అని వ్యాఖ్యాతలు వివరించారు. తనకు ఏం కావాలో తనకే తెలియని మనిషికంటే అడగలేనివాడు ఎవరుంటారు? అటువంటి వానికి ఉన్నదాన్ని ఖుర్ఆన్ హక్కు అన్నది. హక్కు ఉన్నవాడు కృతజ్ఞతలు చెప్పనవసరం లేదు. చెల్లించేవాడు గొప్పలు చెప్పుకోకూడదు.

ఈ హక్కును ఎవరు చెల్లించాలి? “మంచి మనసున్నవారు ఇస్తారు, అది చాలు” అని కొందరంటారు. కాని ఒక కుటుంబం పూట భోజనం పెట్టగలదు. ఆసుపత్రిలో పడకను, వైద్యుణ్ణి, నర్సును, నెలనెలా మందులను, కోలుకున్నాక తలదాచుకునే చోటును ఒక కుటుంబం ఏళ్ళ తరబడి ఇవ్వగలదా? ఇది సమాజం అంతా కలిసి, ఉమ్మడి ఖజానా నుండి మోయవలసిన బరువు. సంపద వదిలి మరణించినవారి సంపద వారసులకు చెందుతుందనీ, దిక్కులేని వారిని, భారాన్ని వదిలి వెళితే అది తన బాధ్యత అనీ దైవప్రవక్త (స) ప్రకటించారు. పాలకునిగా ఆయన చేసిన ప్రకటన ఇది. సంరక్షకుడు లేనివారికి పాలకుడే సంరక్షకుడన్న నియమం నికాహ్ విషయంలో వచ్చినదైనా, ధర్మశాస్త్ర పండితులు దిక్కులేనివారి ఇతర వ్యవహారాలకూ దాన్ని వర్తింపజేశారు.

హజ్రత్ ఉమర్ (రజి) యాచిస్తున్న ఒక యూద వృద్ధుణ్ణి చూసి ఇంటికి తీసుకువెళ్ళి, ఆ తరువాత అతనికీ అటువంటి వారికీ బైతుల్ మాల్ నుండి ఇవ్వవలసిందిగా కోశాధికారిని ఆదేశించిన ఉదంతాన్ని ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) తన ‘కితాబుల్ ఖరాజ్’లో నమోదు చేశారు. గమనించండి, ఆయన ముందు తన చేతితో ఇచ్చారు. అంతటితో ఆగలేదు, ఖజానా నుండి ఇచ్చే ఏర్పాటు చేశారు. ఆ వృద్ధుని మతం ఏమిటన్నది ఆయనకు అడ్డు రాలేదు.

ఆ తరువాతి కాలంలో ముస్లిం నగరాలలో వెలసిన ఆసుపత్రులను ‘బీమారిస్తాన్’లు అనేవారు. 1154లో సుల్తాన్ నూరుద్దీన్ డమాస్కస్‌లో, 1284లో సుల్తాన్ ఖలావూన్ కైరోలో కట్టించినవి ప్రసిద్ధమైనవి. కైరో ఆసుపత్రిలో మానసిక రోగులకు ప్రత్యేక విభాగం ఉండేది. వక్ఫ్ ఆస్తుల ఆదాయంతో పేదలకు ఉచితంగా వైద్యం జరిగేది. 1354లో అలెప్పోలో వెలసిన అర్గూన్ బీమారిస్తాన్‌లో మానసిక రోగులను ఉంచిన గదులు, నడుమ నీటి తొట్టెలున్న వాకిళ్ళు ప్రసిద్ధి చెందాయి. మన పూర్వీకులు ఈ పనిని ఒక్కొక్కరి దయకు వదిలేయలేదు. వ్యవస్థగా నిలబెట్టారు.

నేటి చట్టం ఏమంటోంది?

“అది ఆ కాలం సంగతి, ఈ రోజుల్లో ఎవరు పట్టించుకుంటారు?” అని పాఠకులు అనవచ్చు. మన దేశంలో 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరంభమైంది. 1996లో జిల్లా కార్యక్రమంగా విస్తరించినప్పుడు మొదట ఎంపికైన కొద్ది జిల్లాలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ ఒకటి. 2017లో పార్లమెంటు కొత్త మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేసింది. అది 2018 నుండి అమలులో ఉంది.

ఆ చట్టంలోని 18వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సంస్థలలో మానసిక వైద్యం పొందడం ప్రతి వ్యక్తి హక్కు. ఇల్లు లేనివారికీ, దిక్కులేనివారికీ, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికీ అది పూర్తిగా ఉచితం. పేదవారికి కార్డు ఉన్నా లేకపోయినా అంతే. నూరవ సెక్షన్ ఇంకా స్పష్టంగా ఉంది. తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మానసిక రోగి తన పరిధిలో కనిపిస్తే రక్షణలోకి తీసుకోవడం పోలీస్ స్టేషన్ అధికారి విధి. లాకప్‌లో పెట్టకూడదు. 24 గంటలలోగా దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. ఇల్లు లేనివాడైతే తప్పిపోయిన వ్యక్తిగా కేసు నమోదు చేసి, అతని కుటుంబాన్ని వెదకాలి.

మేము ఈ విషయాలు తెలుసుకున్న రోజు సిగ్గుపడ్డాం. హక్కు కాగితం మీద ఉంది, మా ఊరి మనిషి పంచలో ఉన్నాడు. ఆ రెంటినీ కలపడానికి మధ్యలో నడిచేవాడు ఒక్కడు కావాలి. ఆ ఒక్కడు మాలో లేకపోయాడు.

అలాగని లోటంతా మనదే అనడం న్యాయం కాదు. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌కు మిగిలిన పెద్ద ప్రభుత్వ మానసిక ఆసుపత్రి విశాఖపట్నంలో ఉంది. నెల్లూరు తీరం నుండి అది ఆరు వందల కిలోమీటర్ల పైమాట. మందులు పని చేయడానికి వారాలు పడుతుంది. నడుమ ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. వీధిలో నిద్రలేని రాత్రులు, దెబ్బలు, ఆకలి జబ్బును ఇంకా పెంచుతాయి. కాబట్టి ఒకసారి ఆసుపత్రికి తీసుకువెళ్ళి మళ్ళీ అదే పంచలో వదిలేస్తే ప్రయోజనం లేదు. దగ్గరలో పడక కావాలి, కోలుకున్నాక ఆశ్రయం కావాలి, మందులు అందుతున్నాయో లేదో చూసే మనిషి కావాలి. పక్కనున్న తమిళనాడు ప్రభుత్వం 2018 నుండి కొన్ని జిల్లాలలో ఇల్లులేని మానసిక రోగుల కోసం అత్యవసర సంరక్షణ, కోలుకునే కేంద్రాలను నడుపుతోంది. అటువంటివి మన జిల్లాలోనూ కావాలని అడగడం రాజకీయం కాదు, వంచితుని హక్కును గుర్తు చేయడం.

గొలుసులు వైద్యం కావు

మన సమాజానికి ప్రత్యేకంగా చెప్పుకోవలసిన విషయం ఒకటుంది. మనసు బాగులేనివారిని దర్గాల వద్దకు తీసుకువచ్చి వదిలే అలవాటు మన ప్రాంతాలలో ఉంది. తమిళనాడులోని ఏర్వాడిలో దర్గా పరిసరాలలో కొందరు ప్రైవేటు వ్యక్తులు అటువంటి రోగుల కోసం పాకలు వేసి నడిపేవారు. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేయబడి ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. సుప్రీం కోర్టు దాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. 2017 చట్టం గొలుసులతో కట్టడాన్ని ఏ విధంగానూ అనుమతించదు.

దుఆ చేయవద్దని మేము అనడం లేదు. స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్ ఒక్కడే. కాని దుఆ మందుకు పోటీ కాదు, మందు దుఆకు పోటీ కాదు. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్ళి దుఆ చేసుకునే మనం, మనసు జబ్బుకు మాత్రం డాక్టరును విడిచిపెట్టడం ఏం న్యాయం? మూర్ఛ వ్యాధితో బాధపడే ఒక స్త్రీ దైవప్రవక్త (స) వద్దకు వచ్చి, మూర్ఛ వచ్చినప్పుడు తన ఒంటిమీది బట్ట తొలగిపోతోందని మొరపెట్టుకున్నది. సహనం వహిస్తే స్వర్గం అని ఆయన చెప్పగా ఆమె సహనాన్నే ఎంచుకున్నది. కాని బట్ట తొలగకుండా దుఆ చేయమన్నది, ఆయన చేశారు. జబ్బు ఉన్నప్పటికీ మనిషి మర్యాద పోకూడదన్నదే ఇందులోని పాఠం. గొలుసు వేయడం ఆ మర్యాదను తీసేయడమే.

అతడు రానంటే?

ఇక్కడ ఒక కష్టమైన ప్రశ్న ఉంది. ఆ మనిషి ఆసుపత్రికి రానంటే? ఈడ్చుకుపోవాలా? “అతని ఇష్టం” అని వదిలేయాలా?

రెండూ సులువైన దారులే. మొదటిది అతని మాటకు విలువ లేదంటుంది. రెండవది మన బద్ధకానికి స్వేచ్ఛ అని పేరు పెడుతుంది. ఇంతకుముందు ఎక్కడో కట్టేయబడినవాడు, కొట్టబడినవాడు మనల్ని చూసి పారిపోవడం పిచ్చి కాకపోవచ్చు, అనుభవమే కావచ్చు. ప్రాణాపాయం ఉన్నప్పుడు చట్టం కట్టుబాట్లతో కూడిన మార్గం చూపిస్తుంది. మిగతా సమయాలలో మార్గం ఏది?

దైవప్రవక్త (స) జీవితం నుండి ఒక సంఘటన హజ్రత్ అనస్ (రజి) ద్వారా మనకు చేరింది. మదీనాలో ఒక స్త్రీకి మతిస్థిమితం సరిగా లేదు. ఆమె వచ్చి తనకు ఆయనతో పని ఉందన్నది. కారుణ్యమూర్తి (స) ఆమెను ఒక బిడ్డ తల్లిగా గౌరవంగా సంబోధించి, ఏ వీధిలో మాట్లాడదలచుకుంటే ఆ వీధిని నీవే ఎంచుకో, అక్కడికే వస్తాను అన్నారు. ఆమెతో వెళ్ళి, ఆమె పని పూర్తయ్యేదాకా నిలబడ్డారు.

వీధిని ఆమె ఎంచుకున్నది, నడిచింది ఆయన. ఆమెను తన వద్దకు లాగలేదు, ఆమెను వదిలేయనూ లేదు. అంతటి బాధ్యతలున్న మహాప్రవక్త (స) ఒక పిచ్చి స్త్రీ ముచ్చట ముగిసేదాకా వీధిలో నిలబడగలిగితే, మనకు తీరిక లేదనడానికి నోరు వస్తుందా?

అతడూ ఒక ఇంటి బిడ్డే

ముంబయిలో భరత్ వాత్వానీ అనే మానసిక వైద్యుడు, ఆయన భార్య ఒకనాడు రోడ్డు పక్క మురికికాలువ నీటిని కొబ్బరిచిప్పతో తాగుతున్న ఒక యువకుణ్ణి చూశారు. తమ వైద్యశాలకు తీసుకువచ్చి చికిత్స చేశారు. తెలివి వచ్చాక తెలిసింది, అతడు మన తెలుగువాడేనని, సైన్సు పట్టభద్రుడని, తండ్రి ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా పరిషత్తు ఉద్యోగి అని! ఆ అనుభవం నుండి 1988లో ‘శ్రద్ధ’ సంస్థ పుట్టింది. వీధుల్లో తిరిగే వేలమంది మానసిక రోగులను అది వారి ఇళ్ళకు చేర్చింది. 2018లో ఆయనకు రామన్ మెగసెసె అవార్డు లభించింది. చెన్నైలో 1993లో ఇద్దరు యువతులు ప్రారంభించిన ‘బాన్యన్’ సంస్థ ఇదే విధంగా వీధినపడిన స్త్రీలకు ఆశ్రయమైంది. ఈ పని చేసినవారు మన ధర్మంవారు కాకపోవచ్చు. మనం చేయవలసిన పనిని వారు చేశారు.

మన విడవలూరు పంచలో పడుకున్న ఆయన కోసం కూడా ఏదో ఊరిలో ఒక తల్లి తలుపు తీసి చూస్తూ ఉందేమో! ఆమెకు మనం ఏం సమాధానం చెప్పగలం?

మనం చేయగలిగినది

ఆ తరువాత కొన్ని నెలలకు అదే పంచలోకి మరొక మనిషి వచ్చాడు. ఈసారి మా జమాఅత్‌లోని ఇద్దరు యువకులు ముందుకు వచ్చారు. మొదటి వారం ఏమీ అడగలేదు, రోజూ ఒకే వేళకు టీ తీసుకుపోయి పక్కన కూర్చున్నారు. చాచా పిల్లలను మందలించి రాళ్ళు మాన్పించారు. పదో రోజున ఆ మనిషి తన పేరు చెప్పాడు. ఆసుపత్రి కోసం తిరిగినప్పుడు ఒకచోట “ఇది మా పని కాదు” అన్నారు. మావాళ్ళు చట్టం మాట మర్యాదగా చెప్పారు, రెండోసారి వెళ్ళారు, పని జరిగింది. అతడు పూర్తిగా కోలుకున్నాడని చెప్పలేము. మందులు వేసుకుంటున్నాడు, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడు. అల్ హమ్దులిల్లాహ్.

కాబట్టి ప్రతి ఊరిలో ఈ కొన్ని పనులు చేద్దాం. ‘పిచ్చోడు’ అన్న మాటను మన ఇళ్ళలో మాన్పిద్దాం. అటువంటి వ్యక్తి కనిపిస్తే ఇద్దరు ముగ్గురు బాధ్యత తీసుకుని నమ్మకం కలిగిద్దాం. పోలీస్ స్టేషన్‌కు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తెలియజేద్దాం. సలహా కోసం ప్రభుత్వ ఉచిత ఫోన్ సేవ టెలీ మానస్ 14416 ఉంది, 2022 నుండి పని చేస్తోంది. ప్రయాణానికి, బట్టలకు మన సదఖా నుండి ఖర్చు చేద్దాం. పడకలు, ఆశ్రయ కేంద్రాల కోసం పంచాయతీని, అధికారులను, ప్రజాప్రతినిధులను అడుగుదాం. అతడు ముస్లిమా, ముస్లిమేతరుడా అని చూడవద్దు. ఆదం సంతతికంతటికీ గౌరవం ప్రసాదించానని అల్లాహ్ తెలిపాడు.

కొందరు ముందుకు వచ్చి చేస్తే అందరి బాధ్యతా తీరే విధులను ఫర్జె కిఫాయా అంటారు. ఎవరూ చేయకపోతే ఊరంతా పాపంలో భాగస్తులవుతుంది. ఆ తుఫాను తరువాత మా ఊరంతా అలాగే మిగిలిపోయింది.

ఓ అల్లాహ్! ఆ పేరు తెలియని నీ దాసుడు ఎక్కడ ఉన్నా నీ రక్షణలో ఉంచు. మా నిర్లక్ష్యాన్ని మన్నించు. తెలివి అనే నీ అమానతును, అది లేనివారి సేవలో వినియోగించే భాగ్యాన్ని మాకందరికీ ప్రసాదించు. ఆమీన్.